ఆరోగ్య కేంద్రం పనికీ అదనుంది



విత్తనానికి అదను వుంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. మృగశిరలో వేయవలసిన విత్తు మఖలో వేస్తే మొలక రాదని కాదు, వస్తుంది. పంట మాత్రం చేతికి రాదు. ఆరోగ్య కేంద్రం పని కూడా అట్లాంటిదే. ఈ సంగతి మన ఊళ్ళల్లో చాలామందికి పట్టదు. ఆరోగ్య కేంద్రమంటే జబ్బు చేసినప్పుడు పోయి, చీటీ రాయించుకొని, నాలుగు మాత్రలు తెచ్చుకునే చోటు అనుకుంటారు. సూది వేయనిదే అది వైద్యమే కాదనీ, గ్లూకోజు సీసా ఎక్కించని డాక్టరుకు పని తెలియదనీ అనుకునేవారు ఇప్పటికీ వున్నారు. చీటీ, మాత్ర, సూది ఆ కేంద్రం పనిలో కంటికి కనిపించే భాగం. కనిపించని భాగం ఊళ్ళల్లో, ఇళ్ళల్లో, నీళ్ళ ట్యాంకుల దగ్గర పన్నెండు నెలలూ జరుగుతూ వుంటుంది. దాన్ని గురించే ఈ వేళ కొంచెం వివరంగా మనవి చేస్తాను.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైనప్పుడు, బ్లాకుకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలని సంకల్పించారు. అక్కడి నుంచి పెరిగి పెరిగి, ఇప్పుడు మైదాన ప్రాంతాల్లో 30,000 జనాభాకు, కొండ ప్రాంతాల్లోనూ గిరిజన ప్రాంతాల్లోనూ 20,000 జనాభాకు ఒక కేంద్రం అన్నది లెక్క. దాని కింద 5,000 మందికి ఒక ఉపకేంద్రం. ఏజెన్సీలో అయితే 3,000 మందికే ఒకటి. ఉపకేంద్రానికి నర్సమ్మ వుంటుంది. 2005లో ఆశా కార్యకర్తలను తీసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి మీ ఊరి అమ్మాయే, మీ ఇంటి గడప తెలిసిన మనిషే, ఆమెకు తోడుగా తిరుగుతోంది.

వీరు ఇల్లిల్లూ తిరగడం వల్ల ఒరిగేదేమిటని అడిగే పెద్దలు వుంటారు. వారికి నారికురుపును గుర్తుచేస్తాను. అరవై ఏళ్ళు పైబడినవారు దాన్ని చూసే వుంటారు. దిగుడుబావి నీళ్ళు తాగినవారికి ఏడాది తిరిగేసరికి కాలిమీద పొక్కు లేచి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు మూరెడు పొడుగున బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగేవారు. తెగిందా, కాలు వాచి మనిషి నెలల తరబడి మంచం దిగేవాడు కాదు. సేద్యం చేసుకునే మనిషికి అంతకంటె ఏం కావాలి! ఆ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. మెట్లు దిగి నీళ్ళలో కాలు పెట్టే బావులను మార్చడం, చేతిపంపులు వేయడం, నీళ్ళు గుడ్డతో వడగట్టి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం, జబ్బుపడినవారి పేర్లు పుస్తకంలో రాసుకొని వారు చెరువులో బావిలో దిగకుండా చూడడం, ఇంతే చేశారు. దేశంలో చివరి కేసు 1996లో కనిపించింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం నారికురుపు నుంచి విముక్తమైందని ధ్రువపత్రం ఇచ్చింది. ఒక్క సూదిమందు లేకుండా పోయిన జబ్బు అది. నర్సమ్మ పుస్తకం పట్టుకొని వాకిట్లో నిలబడ్డప్పుడు విసుక్కునే ముందు ఈ మాట తలచుకోవాలి.

ఇక ఏడాది పని సంగతి. మీరు రోహిణి కార్తెలో నాగళ్ళు, ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ వుంటారు. ఆ రోజుల్లోనే ఆరోగ్య సిబ్బంది నీళ్ళమీద పడతారు. మొదటి వానకు పెంటకుప్పలూ మురుగూ కొట్టుకొచ్చి బావుల్లో, పగిలిన పైపుల్లో చేరతాయి. పూర్వం గత్తర వచ్చిందన్నా, ఇప్పుడు ఊరంతా విరేచనాలన్నా మూలం అక్కడే. ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలపడం పంచాయతీవారి పని. కలిపారో లేదో పరీక్షించడం ఆరోగ్య సిబ్బంది పని. దీని లెక్క రైతులందరికీ తెలిసి వుండడం మంచిది. పొడి మంచిదయితే వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాములు కావాలి. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములన్నమాట. నీళ్ళు బురదగా వుంటే ఇంకా ఎక్కువ పడుతుంది. పొడిని నేరుగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్టులో కలిపి, సున్నం అడుగున దిగిన తరువాత పైనున్న తేటను పోయాలి. పోసిన అరగంట వరకు నీళ్ళు వదలకూడదు. ఆ తరువాత ఊరి చివరి కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. రంగు తిరగలేదంటే మందు చాలలేదన్నమాట. ట్యాంకు దగ్గరి కుళాయి చూసి సంతోషపడితే లాభం లేదు. చివరి ఇంటి కుళాయిదే అసలు సాక్ష్యం.

ఇంకొక సంగతి. బ్లీచింగ్ పొడి తాజాగా వున్నప్పుడు అందులో వందకు 33 పాళ్ళ దాకా క్లోరిన్ వుంటుంది. సంచీ మూతి విప్పి పంచాయతీ ఆఫీసు మూలన తేమలో పడేస్తే ఆ క్లోరిన్ గాలికి పోతుంది, మిగిలేది సున్నం. మన ఊళ్ళల్లో చాలా చోట్ల జరిగేది ఇదే. ఎరువుల బస్తా తడవకుండా పట్టా కప్పుకునే రైతు, ఈ బస్తా సంగతి మాత్రం సర్పంచిదని ఊరుకుంటాడు. తాగేది ఆయన పిల్లలే గదా!

ఆరుద్రలో వానలు పడ్డాక విరేచనాలు మొదలవుతాయి. పసిపిల్లవాడికి నీళ్ళ విరేచనాలయితే చంపేది విరేచనం కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం. ఆశా దగ్గర వుండే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అని అందాజుగా కలిపితే ఉప్పు పాళ్ళు చెడతాయి. కలిపినది ఒక్క రోజే వాడాలి. దానితోబాటు జింకు మాత్రలు పద్నాలుగు రోజులిస్తారు. మూడోరోజుకు విరేచనాలు కట్టగానే తల్లులు మాత్రలు ఆపేస్తారు. ఆపవద్దు. తల్లిపాలు కూడా ఆపవద్దు. పాలిస్తే విరేచనాలు పెరుగుతాయన్నది వట్టి మాట.

ఇక్కడికి నాట్లు వస్తాయి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని గురించే. మన రెండు రాష్ట్రాల్లోనూ బుధవారం, శనివారం టీకాల రోజులుగా పాటించడం వాడుక. ఆడవాళ్ళేమో తెల్లవారుజామునే ముఠాలు కట్టి నాట్లకు పోతారు. ఆ పదిహేను ఇరవై రోజుల్లో ఒక్కరోజు కూలి పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. దానివల్ల అంగన్‌వాడీ దగ్గర నర్సమ్మ ఐసు డబ్బా పెట్టుకొని కూర్చుంటుంది, పిల్లలు మాత్రం రారు. వచ్చే వారం వస్తామంటారు. వచ్చే వారం ఇంకో ఊరి నాట్లు.

పోనీ, నర్సమ్మే సాయంత్రం దాకా కూర్చోవచ్చు గదా అంటారా? టీకామందు మన పాలకంటె సుకుమారం. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుండాలి. వేడి తగిలినా చెడుతుంది. కొన్ని టీకాలు గడ్డకట్టినా చెడతాయి. సీసామీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్య లేతరంగు చదరం వుంటుంది. ఎండదెబ్బ తగిలిన కొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. చదరమూ చుట్టూ వున్న వలయమూ ఒక్క రంగుకు వచ్చాయంటే ఆ సీసా పారవేయాలి. చదివినా చదవకపోయినా ఎవరైనా చూసి పోల్చుకోవచ్చు. అడిగితే నర్సమ్మ చూపిస్తుంది. తట్టు టీకా అయితే పొడి రూపంలో వస్తుంది. నీరు కలిపిన తరువాత నాలుగు గంటలు దాటితే దాన్ని వాడకూడదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనే నియమం వుంది. మిగతావారు సాయంత్రం వస్తే మాత్రం ఆ సీసా వారికి పనికిరాదు.

కాబట్టి దీనికి ఉపాయం ఊళ్ళోనే వుంది. ముఠా పెద్దకూ, ఆశా కార్యకర్తకూ మధ్య ఒక్క మాట చాలు. ఏ రోజు ఏ మడిలో నాట్లో ముందే తెలుస్తుంది గదా. టీకాల రోజున పసిబిడ్డల తల్లులు రెండు గంటలు ఆలస్యంగా వస్తారని పొలం ఆసామి ఒప్పుకుంటే, నారు ఎక్కడికీ పోదు. లేదా ఇంట్లోని అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను, టీకాల కార్డును తీసుకుపోవచ్చు. తల్లే రావాలన్న నిబంధన లేదు. ఒకటి తప్పిపోయినా మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. ఆగిన చోటినుంచి మిగతావి వేస్తారు. సిగ్గుపడి రాకుండా మానుకోవద్దు. నర్సమ్మ కేకలేస్తుందని భయపడే తల్లులున్నారు. వేస్తే వేయనివ్వండి, బిడ్డకు మాత్రం టీకా వేయించండి.

ఏ వయసులో ఏవంటే: పుట్టగానే క్షయ, పోలియో, పచ్చకామెర్ల టీకాలు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం మొదలైన అయిదు జబ్బులకు కలిపి ఒకటి, దానితో పోలియో చుక్కలూ తక్కినవీ, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో అదే రెండోసారి, అయిదేళ్ళకు ఇంకొకటి. తొమ్మిది నెలలనాటి తట్టు టీకా తప్పినవారే ఎక్కువ. తట్టు వచ్చి తగ్గినా, దాని వెంట న్యుమోనియా వస్తే పిల్లవాడు దక్కడం కష్టం. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఊరుకునే రోజులు కావివి. ఆ పేరుతో పిలిచిన మశూచి 1975తోనే మన దేశంలో ఆఖరయింది, పోలియో చివరి కేసు 2011 జనవరిలో కనిపించింది. అవి వాటంతటవే పోలేదు.

కలుపు తీతల నాటికి పాముల కాలం. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళల్లో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు లెక్కకట్టారు. ఆ చావుల్లో సగం జూన్‌కూ సెప్టెంబరుకూ మధ్యనే. ఎక్కువగా చనిపోయిన ప్రాంతాల్లో మన తెలుగు నేల కూడా వుంది. ఏ యుద్ధంలోనూ ఇంతమంది రైతులు పోలేదనిపిస్తుంది నాకు.

మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు పనిచేస్తుంది. అందువల్ల పామును చంపి గోనెసంచిలో తేనక్కరలేదు; దాని కోసం పొదలు గాలిస్తూ అరగంట పోగొట్టుకోవద్దు. కరిచిన చోట బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఇవన్నీ కీడే. బిగించిన కట్టు వల్ల కాలు కుళ్ళిన సందర్భాలున్నాయి. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా రెండు కర్రబద్దల మధ్య వదులుగా కట్టి, 108కి ఫోను చేయాలి. బండి ఆలస్యమయ్యేట్లుంటే మోటారు సైకిలుమీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని అయినా బయలుదేరాలి. మంత్రగాడి ఇల్లు దారిలో వున్నా ఆగవద్దు. విషంలేని పాము కరిచినవాణ్ణి బతికించే ఆయన మంత్రానికి పేరు వచ్చింది అందుకే.

కట్లపాము సంగతి వేరుగా చెప్పాలి. అది రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కనిపించదు, నొప్పీ వుండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవారు అజీర్తి అనుకొని వాముకషాయం ఇస్తారు. ఆ రెండు గంటలే ప్రాణం తీస్తాయి. వానకాలంలో నేలమీద పడుకున్న మనిషి తెల్లారేసరికి రెప్పలెత్తలేకపోతే, మరో ఆలోచన లేకుండా పాముకాటనే అనుకొని బయలుదేరండి. మంచంమీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే దోమా రాదు, పామూ రాదు.

ఆసుపత్రిలో డాక్టరు గాజుగొట్టంలో కొంచెం రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదల్చకుండా పెట్టి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని తేలుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో బంధువులు గొడవపడతారు, మందు ఇవ్వకుండా గొట్టం చూస్తూ కూర్చున్నారని. అది చూడడమూ వైద్యమే. విషం ఎక్కిన గుర్తులు లేకుండా విరుగుడు ఇవ్వకూడదు. అది కొందరికి పడదు. గుర్తులు లేకపోయినా ఒక రోజంతా అక్కడే వుంచుకుంటారు. వెళ్ళిపోతామని తొందరపడవద్దు.

అన్నిటికంటె ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. అన్ని ఆరోగ్య కేంద్రాల్లో రాత్రిపూట సిబ్బంది వుండరు. మీ ఊరికి దగ్గరలో రాత్రిళ్ళు తెరిచి వుండేది ఏది, విరుగుడు మందు నిలవ వున్నది ఎక్కడ, ఈ రెండు ప్రశ్నలకు జవాబు రోహిణి కార్తెలోనే కనుక్కొని పంచాయతీ గోడమీద రాయించండి. మందు లేదంటే అప్పుడే పెద్దాసుపత్రికి రాయించి తెప్పించుకోవడానికి డాక్టరుగారికి వ్యవధి వుంటుంది. అర్ధరాత్రి అడిగితే ఎవరేం చేయగలరు? కుక్క కరిస్తే కూడా ఇంతే. ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్ళకింద కడిగి, అదే రోజు టీకాకు పోవాలి. పసుపు, కారం అద్దవద్దు.

పుబ్బ, ఉత్తర కార్తెల్లో జ్వరాల పని. ఏజెన్సీలో, పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు, మలేరియాకు గోడలమీద మందు కొడతారు. సామాను బయట పెట్టుకోవాలని, గోడ మరకలవుతుందని కొందరు వద్దంటారు. కొట్టించుకున్నవారిలో కొందరు పండగ వచ్చిందని ఎర్రమట్టితో అలికేస్తారు. అలికితే మందు మట్టికింద పడిపోయింది. రెండు మూడు నెలలు గోడ ముట్టవద్దు. మైదానంలో డెంగీ దోమది ఇంకో తీరు. అది మురుగులో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి, శుక్రవారం, డ్రమ్ములూ గోలేలూ పశువుల తొట్లూ ఖాళీచేసి, అడుగు రుద్ది, ఆరబెట్టమంటున్నారు. నీళ్ళు పారబోస్తే చాలదు. గుడ్లు అంచుకు అంటుకొని వుంటాయి.

పంట ఇంటికి వచ్చాక పాలమూరు నుంచీ, శ్రీకాకుళం నుంచీ వలసలు బయలుదేరతాయి. క్షయకు మందు తినేవారు అప్పుడే తప్పిపోతారు. రెండు వారాలు మించిన దగ్గుకు కఫం పరీక్ష ఉచితం, ఆరునెలల మందు ఉచితం. పౌష్టికాహారానికి నెలకు 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. రెండు నెలలు తినేసరికి దగ్గు పోయి, ఒంటికి కండ పడుతుంది. బాగుపడ్డామని ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా తయారవుతాయి. పురుగుమందు మోతాదు తగ్గించి కొడితే పురుగు రాటుదేలడం మీరు పత్తిలో చూసినదే. వలసపోయేముందు ఆరోగ్య కేంద్రంలో చెప్పి, చికిత్స నెంబరు వెంట తీసుకుపోతే హైదరాబాదులోనైనా, ముంబైలోనైనా, ఇటుక బట్టీ దగ్గరనైనా అక్కడి ప్రభుత్వ కేంద్రంలో మందు దొరుకుతుంది.

సంక్రాంతి దాటాక కొంచెం తెరిపి. జనవరి 30 నుంచి కుష్ఠువ్యాధి సర్వే వారు వస్తారు. స్పర్శ తెలియని మచ్చ వుంటే దాచవద్దు. ఆరునెలలో, ఏడాదో మందు తింటే నయమవుతుంది, చేతులు కాళ్ళు వంకరపోవు. ఫిబ్రవరి 10న, మళ్ళీ ఆగస్టు 10న పిల్లలకు నులిపురుగుల మాత్ర. నెలనెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టరుగారి పరీక్ష వుంటుంది. ఇనుము మాత్రలు తింటే మలం నల్లగా వస్తుందని భయపడి పారవేయవద్దు, అది సహజమే. కాన్పులో రక్తం పోయినప్పుడు తట్టుకునే బలం ఆ మాత్రల్లోంచే రావాలి. ముప్పై ఏళ్ళు దాటినవారికి రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉపకేంద్రంలోనే చేస్తున్నారు. చేయించుకోండి.

చివరిగా ఒక చిన్న పని. ఇంట్లో పుట్టుక అయినా, చావు అయినా, 21 రోజుల్లోగా రాయించాలి. 1969 నాటి చట్టం అది. పుట్టుక రాయిస్తే బిడ్డ పేరు టీకాల పుస్తకంలోకి ఎక్కుతుంది. చావు రాయించకపోతే పాసు పుస్తకంలో పేరు మార్పించుకోవడానికి కొడుకులు ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పోయిన మనిషి ఏ జబ్బుతో పోయాడో కూడా నిజం రాయించండి. పాము కరిచి పోయినవాణ్ణి గుండె ఆగి పోయాడని రాయిస్తే, ఆ మండలానికి ఎంత విరుగుడు మందు పంపాలో లెక్కవేసేవారికి తెలియదు.

సెలవు.